సుకాంతికి మాటొచ్చిన మంగళవారం

బిద్యాధర్ మెహెర్ మంచివాడే, కాదనేవాళ్ళు లేరు. తాగడు. పెళ్ళాం మీద చెయ్యెత్తడు. కటక్ నయాసడక్‌లో తాను పనిచేసే చీరల కొట్టుకి తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకే వచ్చి గడప కడుగుతాడు. అలాంటివాడు ఆ వైశాఖంలో పెళ్ళానికి ఊరు చూపిద్దామని బయల్దేరి చేసిన పాడుపని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కటక్‌కి చాలా దూరంగా, పడమటి ఒడిశాలో బర్‌పాలీ దగ్గర పల్లెలో మగ్గాల ఇంట పుట్టాడు. కటక్ వచ్చిన కొత్తలో కొట్లో చీర విప్పి నోరు తెరిచేసరికి కొనడానికొచ్చిన ఆడవాళ్ళు చీర సంగతి మర్చిపోయి అతని మూతికేసి చూసి నవ్వారు. తోటి గుమాస్తా గౌరాంగ అయితే మరీ అన్యాయం. బిద్యా నడక, బిద్యా యాస, బిద్యా ముక్కుతో తీసే రాగం, అన్నీ టీ తాగే వేళ ఆడి చూపించేవాడు. యజమాని ఓరోజు పక్కకి పిలిచి, "చీర మీ ఊరిదే కావాలి నాయనా. మాట మాత్రం మా ఊరిది ఉండాలి" అన్నాడు.

బిద్యా దాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఆరునెలలు టీకొట్లో చెవులప్పగించి కూర్చున్నాడు, అద్దం ముందు నోరు తిప్పుకున్నాడు. చివరికి కటక్‌లో పుట్టినవాళ్ళకంటే మెత్తగా మాట్లాడడం పట్టుబడింది. గౌరాంగకి ఆట అయిపోయింది. చేతిలో పరిచిన చీర మాత్రం అదే. మేనమామలు, వదినలు, మరదళ్ళు దారానికి ముళ్ళు కట్టి రంగులద్ది నేసిన చీర. దాన్ని చూసి ఊరు ఊరంతా అబ్బురపడేది.

వేసవి మొదట్లో సుకాంతి వచ్చింది, ఒక రేకుపెట్టె, ఒక చాప, ఆగని నోరు వేసుకుని. రిక్షా దిగుతూనే, "ఓలమ్మో, ఇదేటి, ఇల్లా అగ్గిపెట్టా? గాలెలాగ వొస్తాదయ్యా?" అని సందు చివరిదాకా వినపడేట్టు అడిగింది. ఇంటి ఓనరు భార్య కిటికీలోంచి తొంగిచూసింది. బిద్యా గబగబా భార్యని లోపలికి నెట్టేశాడు. అరిచింది సందులో పోయే మనిషెవరో అని ఆవిడకి సర్దిచెప్పి, భార్యని నాలుగు రోజులు గదిలోనే ఉంచాడు.

ఆదివారం సాయంత్రం ఎండ కాస్త తగ్గాక ఊరు చూపిస్తానన్నాడు. ఆమె పచ్చచీర కట్టుకుని తల దువ్వుకుంటూ ఉంటే గడపలో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు.

"బయట మాట్లాడకు. ఏం కావాలన్నా నా చెవిలో చెప్పు."

సుకాంతి నవ్వింది. "ఏం, నా మాటకేటైంది?"

"ఇక్కడ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. పళ్ళు ఊడిపోతాయేటి ఆల్లకి?"

"నీకు తెలీదు. నేను పడ్డాను. నా మాట విను."

అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. దువ్వెన గూట్లో పెట్టి, "సరేలే" అంది.

ముందు చండీ గుడికెళ్ళారు. తర్వాత కోట కందకం చుట్టూ తిరిగారు. మహానది గట్టెక్కితే ఏరంతా ఇసుకే, దూరంగా సన్నటి నీటిపాయ, ఇసుక మీద పుచ్చపాదులు. ఆమె కళ్ళు ఇంతింతయ్యాయి. చెయ్యి ఎత్తి చూపించడం, నోరు తెరవడం, మొగుడి మొహం చూసి మూసుకోవడం, ఇదే వరస. బిద్యా మాత్రం పెద్ద ఊరెరిగినవాడిలా చూపుడువేలు తిప్పుతూ నడిచాడు.

గట్టు మీద రావిచెట్టు కింద సైకిలుకి రెండు అల్యూమినియం బిందెలు కట్టుకుని ధ్రువ మౌసా పెరుగువడలు అమ్ముతాడు. పక్కనే పీట మీద అతని పెళ్ళాం కుంతల మౌసీ ఆకుదొన్నెలు అందిస్తుంది. పిల్లల్లేని మనుషులు, ఊరంతటికీ పిన్నీ బాబాయీ వాళ్ళే. వడ మీద ఆలూ కూర, దాని మీద బఠానీ కూర, ఆపైన మిరప్పొడి. తిన్నాక దొన్నె మళ్ళీ చాపితే పల్చటి పెరుగునీళ్ళు ఊరికే పోస్తారు. ఆ నీళ్ళు తాగకపోతే వడ తిన్నట్టే కాదు.

సుకాంతి మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. మౌసీ ఆమెకేసి ముచ్చటగా చూసింది. "ఏ ఊరమ్మా? బాగుందా? కారం ఎక్కువైందా?"

సుకాంతి మొగుడికేసి చూసింది.

"అమ్మాయ్, నిన్నే. సిగ్గా?"

సరిగ్గా అప్పుడే వెనకనుంచి గౌరాంగ గొంతు వినిపించింది. పెళ్ళాన్ని వెంటేసుకుని అతనూ వడలకొచ్చాడు. "ఓహో, బిద్యా భాయ్! వదిననింత దాచిపెట్టావేం? వదినా, చెప్పండి, మా కటక్ ఎలా ఉంది? మీ ఊరి మాటలోనే చెప్పాలి సుమా!" అని అప్పుడే మూతి ఒక పక్కకి తిప్పేశాడు, ఆట మొదలెట్టడానికి.

 బిద్యాకి తన ఆరునెలల కష్టం ఒక్క మాటలో పోతుందనిపించింది. నోటికొచ్చింది అనేశాడు.

"తనకి మాట రాదు. పుట్టుమూగ."

గౌరాంగ మూతి తిప్పింది తిప్పినట్టే ఆగిపోయింది. గౌరాంగ పెళ్ళాం కళ్ళు దించుకుంది. మౌసీ "అయ్యో నా తల్లీ" అని గబగబా ఇంకో రెండు వడలు సుకాంతి దొన్నెలో వేసి, తల మీద చెయ్యి పెట్టింది. మాట రానివాళ్ళకి చెవులూ వినపడవనుకుందో ఏమో, చేతులు తిప్పి "తిను, తిను" అని సైగ చేసింది.

సుకాంతి దొన్నెలోకే చూస్తూ తింది. కళ్ళమ్మట నీళ్ళు కారితే మౌసీ కారం ఎక్కువైందనుకుంది. చివర్లో ఆమె దొన్నె చాపింది, మాట లేకుండానే. పెరుగునీళ్ళు అంచుదాకా పోశారు.

గదికి రాగానే తలుపు వేసి అడిగింది. "నాను మూగదాన్నా?"

"అది కాదే. గౌరాంగ గాడు ముందుంటే ఏం చెయ్యను? వచ్చే ఆదివారం చెప్పేస్తాను, ఏదో సరదాకన్నానని."

"ముడి నువ్వేసావు. నువ్వే ఇప్పాల."

"విప్పుతాను."

విప్పలేదు. మర్నాడు కొట్లో గౌరాంగ అతని రెండు చేతులూ పట్టుకుని, "ఇంత బాధ లోపల పెట్టుకున్నవాణ్ణి నేను ఆడిపోసుకున్నాను, నన్ను క్షమించు భాయ్" అన్నాడు. ఆ మాటకి బిద్యా ప్రాణం చచ్చిపోయింది. అయినా ఊఁ అన్నాడు. ఆ ఊఁ అనకపోయినా బాగుండేది.

ఆపై మంగళవారం పొద్దున్న తలుపు తట్టిన చప్పుడు. వెనక సందులోనే కాపురమట, కుంతల మౌసీ. చేతిలో చండీ గుడి సిందూరం. సుకాంతి నుదుట దిద్ది, బిద్యాతో అంది: "నాయనా, అమ్మకి మొక్కుకున్నాను. ఈ పిల్లకి మాటొచ్చేదాకా ప్రతి మంగళవారం పొద్దు గుంకేవరకూ పచ్చి మంచినీళ్ళు ముట్టను. మాటొచ్చిన రోజున ఈ ముక్కుపుడక అమ్మకిచ్చేస్తాను. మా అమ్మది ఇది. నాకెందుకింక?"

సుకాంతి మొగుడికేసి చూసింది, ఇప్పుడు చెప్పు అన్నట్టు. బిద్యా మౌసీ పాదాలకి నమస్కారం పెట్టాడు. అంతే చేశాడు.

వెనక సందులో మౌసీ, పక్క వాటాలో ఓనరు భార్య. దాంతో గదిలో కూడా సుకాంతికి గుసగుసే మిగిలింది. పల్లెలో మగ్గం చప్పుడు మీద నాలుగిళ్ళకి వినపడేట్టు పాడే మనిషి. ఇక్కడ పప్పులో ఉప్పు సరిపోయిందా అని గుసగుసగా అడిగేది. తర్వాత అదీ మానేసి, చేత్తో ఉప్పుగిన్నె ముందుకి జరిపేది.

ఆదివారాలు మాత్రం ఊరు చూపించడం ఆగలేదు. లస్సీ కొట్టువాడు ఆమె గ్లాసులో కొబ్బరీ రబ్డీ రెండింతలు వేశాడు. మారేడు పానకం ముసలావిడ ఆమెకి ముందు పోసి, తర్వాతే అందరికీ పోసింది. తాటిముంజల వాడు లేతవి ఏరి ఏరి పెట్టాడు. ఊరంతా జాలి.  బిద్యా సిగ్గుతో తల వంచుకుని తిన్నాడు, ఆ తల వంపు చూసి పాపం ఎంత కుమిలిపోతున్నాడో అని జనం ఇంకా జాలిపడ్డారు. చెప్పేద్దామని ప్రతి ఆదివారం గట్టెక్కేవాడు. చెప్పకుండా దిగేవాడు.

నాలుగో మంగళవారం ఎండ ఎంత కాసిందంటే యజమాని మధ్యాహ్నానికే కొట్టు మూసేశాడు. బిద్యా ఇంటికొస్తే సుకాంతి లేదు. మౌసీకి దొన్నెలు అందించడానికి వెళ్ళిందని ఓనరు భార్య చెప్పింది. గట్టు మీదకి నడిచాడు.

ఆ ఎండకి గిరాకీ లేదు. చెట్టు కింద ముగ్గురే ఉన్నారు. మౌసీ పీట మీద కూర్చుని ఉంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. పక్కనే బిందె నిండా పెరుగునీళ్ళు, గరిటె దానిలోనే. ఆవిడ దాన్ని చూడకుండా ఏటికేసి చూస్తోంది. సుకాంతి ఆవిడ పెదాలకేసే చూస్తోంది. బిద్యా వచ్చాడని తలెత్తి ఒక్కసారి అతన్ని చూసింది. చాలాసేపే చూసింది. అతను చెప్పు విప్పి ఇసుక దులుపుకున్నాడు.

సుకాంతి పక్కనున్న కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి మౌసీ నోటి దగ్గర పెట్టింది.

"మౌసీ, నీల్లు తాగు. ఇంక సాలు. సచ్చిపోతావు తల్లీ, తాగు."

మౌసీ చెంబుకేసి చూసింది, ఆమె నోటికేసి చూసింది. గటగటా తాగింది. తాగి ఒక్క పెట్టున ఏడుపు అందుకుంది. "అమ్మా చండీ! విన్నావా తల్లీ! నా మాట విన్నావా!" అంటూ చెప్పులైనా లేకుండా గట్టు దిగి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి చెబుతూ గుడివైపు పరుగెత్తింది. సుకాంతి ఆవిడ వెనకే వెళ్ళింది, పడిపోతుందేమోనని.

మౌసా మటుకు కదల్లేదు. గరిటె తీసి, తుడిచి, మళ్ళీ బిందెలో వేశాడు. అప్పుడు బిద్యాని చూశాడు.

"నాయనా, నాకు చదువు లేదు. ఒక్క సంగతి అడుగుతాను. పుట్టుమూగకి మాటొస్తే పసిపిల్లకొచ్చినట్టు రావాలి గదా. ఈ పిల్ల మీ పల్లె యాసంతా పట్టుకుని మాట్లాడింది. కటక్ చండీ మాటిస్తే కటక్ మాటే ఇస్తుంది. బర్‌పాలీ మాట కోసం ఆవిడ ఈ ఎండలో బస్సెక్కి అంతదూరం వెళ్ళిందంటావా?"

బిద్యా నేలకేసి చూశాడు. "సిగ్గేసింది మౌసా. నవ్వుతారని..."

"ఎవరు, నేనా? మౌసీయా?"

బిద్యా గుడివైపు తిరిగాడు. "ఇప్పుడే వెళ్ళి మౌసీ కాళ్ళ మీద పడి చెప్పేస్తాను" అని కదిలాడు.

"నోర్ముయ్." అతను అరవలేదు, కానీ బిద్యా ఆగిపోయాడు. "చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పి నీ గుండె తేలిక చేసుకుని, మా ముసల్దాని గుండె పగలగొడతావా? నలభయ్యేళ్ళు పిల్లల కోసం మొక్కింది, ఒక్కటీ తీరలేదు. ఇది తీరిందనుకుంటోంది. అనుకోనీ. నువ్వు మాత్రం ఇది మొయ్యి."

ఆ ఆదివారం గట్టు మీద తిరనాళ్ళలా ఉంది. మౌసీ సుకాంతిని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. ఆవిడ ముక్కుకి పుడక లేదు. రంధ్రం పూడిపోకుండా వేపపుల్ల ముక్క గుచ్చుకుంది. "మాట్లాడమ్మా, వీళ్ళు వింటారట" అంటే సుకాంతి, "ఏటి మాటాడమంటారు? నిలబడి సూడ్డం మాని దొన్నెలట్టుకోండి, సల్లారిపోతాంది కూర" అంది, పల్లెలో అన్నంత గట్టిగా. ఒక్కరూ వెక్కిరించలేదు. ఆడవాళ్ళు "ఎంత తియ్యగా ఉందే" అన్నారు. గౌరాంగ కళ్ళు తుడుచుకుని, "వదినా, ఇంకోసారి అనండి" అని అడిగాడు. నాలుగు వారాలు ఆమె నోరు కట్టింది వీళ్ళు నవ్వుతారనా అనుకుంటే బిద్యాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మౌసీ అతన్ని చూసింది. "నువ్వూ ఆ ఊరివాడివేగా బాబూ? మీ మాటలో నువ్వూ ఒకటి అను. అదృష్టవంతుడివి, ఇద్దరూ ఇంట్లో అలాగే మాట్లాడుకుంటారు కాబోలు."

అందరూ తిరిగారు. బిద్యా చేతిలో ఖాళీ దొన్నె. ఏం అనాలో తెలుసు. చిన్నప్పుడు అమ్మని మజ్జిగ అడిగినట్టు అడగాలి, అంతే. మాట గొంతులోనే ఉంది. నోరు తెరిచాడు.

"మౌసీ, దయచేసి కొంచెం పెరుగునీళ్ళు పోస్తారా?"

చీరల కొట్లో గొంతు అది. మడత నలగని మాట. జనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

సుకాంతి లేచి అతని చేతిలోంచి దొన్నె తీసుకుంది. "ఆయనకింకా రాలేదులే మౌసీ" అని మౌసా గరిటె కింద పట్టింది. అందరూ గొల్లున నవ్వారు. మౌసా నవ్వలేదు, కొలిచినట్టు పోశాడు.

"వస్తుందిలే," అంది మౌసీ, వేపపుల్ల సవరించుకుంటూ. "ఆయనకీ మొక్కుకుంటాను."

"వద్దు మౌసీ, వద్దు" అన్నాడు బిద్యా. అదీ కటక్ మాటే.