అత్తయ్య గారు ఎక్కగలిగినంత ఎత్తు

ఆ శనివారం ఉదయం మా అద్దె ఇంటి ముందు హాజరైనవారు, హాజరైనవి: ఇరవై ఏళ్ళ పాత పికప్ ట్రక్కు, దాని చక్రాల కింద పెట్టడానికి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల మందం చెక్కలు ఎనిమిది, టేపుతో నేను, గొడుగుతో నా భార్య, నేత చీర మీద నా రెయిన్‌కోటు, కాళ్ళకు కూతురి గమ్‌బూట్లు వేసుకున్న మా అత్తగారు, గేటు మీద మోచేతులు ఆనించిన, పాడి రైతైన మా ఇంటి ఓనరు, ఆయన కుక్క. వాన కూడా ఉంది గానీ, ఐర్లండులో, అందులోనూ కార్క్ జిల్లాలో, వానను విడిగా లెక్క రాయరు.

ఇంటి నుంచి తారు రోడ్డు దాకా కిలోమీటరు సన్నదారి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, మధ్యలో గడ్డి గేదె వీపులా లేచింది. మా ట్రక్కు స్ప్రింగులు ముసలివై కుంగిపోయాయి. రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు బండి కడుపు ఆ వీపు మీద రాసుకుంటూ పోయేది. అక్టోబరు వానలకు మట్టి కొట్టుకుపోయి, గడ్డికి బదులు రాళ్ళు తగలడం మొదలైంది. స్ప్రింగులు మార్చక తప్పదు. షాపులో రెండు రకాలున్నాయి: బండిని నలభై మిల్లీమీటర్లు లేపేవి, డెబ్భై ఐదు లేపేవి. నలభైతో రాళ్ళు తగలవు, కానీ వెంట్రుకవాసిలో తప్పుతాయి. డెబ్భై ఐదుతో ఇక ఆలోచనే అక్కర్లేదు.

"డెబ్భై ఐదే వేద్దాం. దీన్ని మార్జిన్ అంటారు," అన్నాను.

"మోజు అంటారు. ఫోన్లో ఆ ఎత్తు బళ్ళ ఫోటోలు చూస్తున్నావని నాకు తెలీదా?" అంది నా భార్య.

ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

చిక్కల్లా అత్తయ్య గారితో. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. మొదటి నెలంతా కిటికీలోంచి ఆవుల్ని చూశారు. తర్వాత మా ఓనరు ఊళ్ళో హాలుకి రమ్మన్నాడు. అక్కడ మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగింటికి పెద్దవాళ్ళు ట్వంటీఫైవ్ అనే పేకాట ఆడతారు. ఆవిడ మొదటి రోజు చూశారు. రెండో రోజు ఆడారు. మూడో రోజుకి ఓనరు ఆవిడను జట్టుగా కట్టేసుకున్నాడు. క్రిస్మస్ పోటీలో మొదటి బహుమతి టర్కీ కోడి. ఆవిడ శాకాహారి, శనివారమైతే ఉల్లిపాయ కూడా ముట్టరు. కోడి ఆయనకు, గెలిచిన పేరు ఆవిడకు అని ముందే ఒప్పందం అయిపోయింది.

ఆ హాలుకి తీసుకెళ్ళేది నేనే. నా భార్యకు ఇంకా లైసెన్సు రాలేదు, ఓనరు ట్రాక్టరులో సీటు ఒకటే. అంటే, ఆవిడ ట్రక్కు ఎక్కలేకపోతే ఆట లేదు, మళ్ళీ ఆవులే.

చెయ్యి అందించి ఎక్కించొచ్చు కదా అంటారేమో. మావైపు అత్త అల్లుడి చెయ్యి పట్టుకోదు. స్కూల్లో హెడ్మాస్టర్లనే నిలబెట్టి మాట్లాడిన మనిషి, నేను గదిలోకొస్తే కుర్చీ అంచుకి జరుగుతారు. నాతో చెప్పాల్సింది, నేను పక్కనే ఉన్నా, కూతురితో చెబుతారు. పోనీ ఫుట్‌బోర్డు బిగిద్దామంటే, బిగించడానికి కింద తుప్పు తప్ప ఇనుము మిగల్లేదు. పీట వేద్దామంటే ఈ బురదలో అది నిలవదు.

అందుకే పరీక్ష. నేను పనిచేసేది వైద్య పరికరాల ఫ్యాక్టరీలో. పరీక్షించకుండా అక్కడ సూది కూడా గేటు దాటదు. చక్రాల కింద ఒక్కో చెక్క పెడితే ఇంచుమించు నలభై, రెండేసి పెడితే డెబ్భై ఐదు.

"అమ్మాయ్, ఏ కాలు ముందు పెట్టాలో మీ ఆయన్ని అడుగు."

"మీకు అలవాటైన కాలే అత్తయ్య గారూ."

"అలవాటైన కాలేనట అమ్మా," అంది నా భార్య, మా ఇద్దరికీ మధ్య నిలబడి.

చెక్కల్లేకుండా ఆవిడ మామూలుగా ఎక్కి దిగారు. ఒక్కో చెక్క మీద కుచ్చిళ్ళు ఎగదోపి, పైన పిడి పట్టుకుని, "హరీ" అని ఎక్కి, దిగారు. ఎక్కిన ప్రతిసారీ కాగితం మీద గడిలో టిక్కు పెట్టుకున్నాను. దిగడానికి గడి లేదు.

రెండేసి చెక్కల మీద కాలు బండిలోకి వెళ్ళింది, మనిషి వెళ్ళలేదు. ఒక కాలు ఐర్లండులో, ఒక కాలు ట్రక్కులో పెట్టి ఆగిపోయారు. నేను అప్రయత్నంగా చెయ్యి చాచాను.

"అమ్మాయ్!" అని కేక పెట్టారు, నా చేతిలో తేలున్నట్టు.

ఓనరు గేటు తోసుకుని వచ్చి, "పైకి రండి మిస్సిస్," అని చెయ్యి ఇచ్చాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని చక్కా ఎక్కి, ఇంగ్లీషులో థాంక్స్ చెప్పి, కొంగు సర్దుకున్నారు.

"ఆయన చెయ్యి పరవాలేదా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆయన అల్లుడు కాదుగా!" అంది నా భార్య.

ఓనరు ఫోను మోగింది. ఆవు ఈనుతోందట. "ఇక అంతా గ్రాండే కదా?" అని, ఇక్కడ బాగానే ఉందనడానికి అదే మాట, కుక్కతో సహా వెళ్ళిపోయాడు.

పైన అత్తయ్య గారు కంచె మీదుగా చూస్తున్నారు. మూడు నెలల్లో మొదటిసారి, తిన్నగా నాతోనే అన్నారు:

"అల్లుడు గారూ, సముద్రం! ఇదే ఎత్తు ఉంచండి."

నా భార్య వైపు విజయగర్వంతో చూశాను. ఆ గర్వం ఆవిడ దిగుదామని కిందికి చూసేదాకా ఉంది. కాలు జారవిడిచారు. నేల అందలేదు. వెనక్కి తిరిగి ప్రయత్నించారు. చీర పిడికి చిక్కింది. నా భార్య గొడుగు పడేసి నడుం పట్టుకోబోతే, "వద్దు, ఇద్దరం పడతాం" అని మళ్ళీ కూర్చున్నారు.

"దిగడం పరీక్షించారా తమరు?" అంది నా భార్య. తల్లి ఎదుట నాకు బహువచనం వాడుతుంది, కోపం వచ్చినప్పుడు మరీ.

"అమ్మాయ్, ఆయన్నేమీ అనకు. నేనిక్కడే ఉంటాను. ఆవు ఈనాక ఓనరు వస్తాడు."

ఆవు ఎప్పుడు ఈనుతుందో చెప్పే లెక్క నాకు రాదు. నేను డ్రైవరు సీట్లోకి ఎక్కి, ఆవిడతో సహా బండిని చెక్కల మీద నుంచి దింపి, పై చెక్కలు తీసేసి, మళ్ళీ ఎక్కించాను. "మెల్లిగా పోనివ్వమను" అని ఆవిడ కిటికీలోంచి కూతురికి చెబుతూనే ఉన్నారు. ఒక్కో చెక్క మీద ఆగాక బయటికి చూశారు.

"కంచె," అన్నారు. అంతే. తర్వాత ఎవరి సాయం లేకుండా దిగిపోయారు.

అక్కడే తేలిపోయింది. ఎక్కించడానికి ఊళ్ళో ఎవరో ఒకరు దొరుకుతారు. రాత్రి ఇంటి ముందు వానలో దిగేటప్పుడు పట్టుకోగలిగినవాళ్ళు ఎవరుంటారు, నేను తప్ప? డెబ్భై ఐదు వేస్తే ఆవిడ పేకాటకు వెళ్ళరు, ఎందుకో కూడా చెప్పరు. "ఒంట్లో నలతగా ఉందని చెప్పు" అంటారు.

"నలభై," అన్నాను. నాకు బాధగానే ఉంది.

నా భార్య లోపలికి వెళ్ళి, దేవుడి గదిలో తను కూర్చునే దిండు తెచ్చి ట్రక్కు సీటు మీద పరిచింది.

"బండి లేవక్కర్లేదు. మా అమ్మ లేస్తే చాలు. ఎక్కమ్మా."

ఆవిడ ఎక్కారు, చూశారు, దిగారు. ఇంకోసారి ఎక్కారు. ఈసారి చాలాసేపు దిగలేదు.

స్ప్రింగులు మార్చాక వచ్చిన మంగళవారం మేమిద్దరమే బయలుదేరాం. కూతురు లేనప్పుడు ఆవిడ ముందు అద్దంతో మాట్లాడతారు. రాళ్ళ దగ్గర ఇద్దరం ఊపిరి బిగబట్టాం. చప్పుడు కాలేదు.

"తగల్లేదు," అన్నారు అద్దంతో.

హాలు ముందు ఆవిడే తలుపు తీసుకుని దిగి, ట్రాక్టరు పక్కన ఎదురుచూస్తున్న ఓనరు వైపు గబగబా నడిచారు. రిపోర్టు పూర్తి కావాలి కాబట్టి, ఇంటికొచ్చాక ఆవిడను అడిగించి, ఆవిడ కూర్చుని ఉండగా దిండును కొలిపించాను. కొలిచింది నా భార్య. నలభైకీ డెబ్భై ఐదుకీ తేడా ముప్పై ఐదు.

ముప్పై నాలుగు మిల్లీమీటర్లు.