జగ్గులో వచ్చిన మంచు

దుబాయ్‌లో ఉన్న మొగుడికి స్వెట్టరు అల్లుతున్నానని ఫోన్లో చెబితే మా అమ్మ చాలాసేపు నవ్వింది. మేమున్నది షార్జాలో, అల్ నహ్దాలో. అయినా విజయవాడలో మావాళ్ళకి అదంతా దుబాయే, అదంతా ఎండే. వాళ్ళనేం అనగలం? ఇక్కడ స్వెట్టరు అవసరం పడేది జూన్ నెలలో, ఆఫీసు ఏసీ కింద అని వాళ్ళకేం తెలుసు. మావారి కుర్చీ సరిగ్గా ఏసీ ఎదురుగా ఉండేది. బయట జనం మాడిపోతుంటే లోపల ఆయన ముక్కు చీదుకుంటూ కూర్చునేవారు. చలికాలంలో మొదలుపెడితే ఎండాకాలానికి అందుతుందని నా ఆలోచన.

ఆలోచన నాది, అల్లడం నేర్పింది అక్క. నా తోడబుట్టిన అక్క కాదు. రెండు గదుల ఫ్లాటులో ఒక గది మాది, ఒక గది వాళ్ళది, వంటిల్లు ఉమ్మడి. వాళ్ళది ప్రొద్దుటూరు. ముస్లింలు. మొగుడూ పెళ్ళాం ఉర్దూలో మాట్లాడుకునేవారు, నాతో మాత్రం అచ్చమైన కడప తెలుగు. ఆమె భర్తను నేను భాయ్ అనేదాన్ని. రాస్ అల్ ఖైమా కొండల దగ్గర కంకర కొట్టే క్రషర్‌లో ఫోర్‌మన్. వారమంతా అక్కడే క్యాంపులో ఉండి, సెలవు శుక్రవారం కాబట్టి గురువారం రాత్రికో శుక్రవారం పొద్దుటికో ఇల్లు చేరేవారు.

మేం మాంసం ముట్టం. ఫ్రిజ్‌లో పై అరలు మావి, కింది అరలు వాళ్ళవి అని మొదటిరోజే గీత గీసుకున్నాం. ఫ్రీజరు మాత్రం ఒక్కటే. అందులో ఒక పక్క నా కొబ్బరి కోరూ పచ్చిబఠాణీలూ కొత్తిమీరా, ఇంకో పక్క రెండేసి కవర్లు చుట్టిన ఆమె ఖీమా పొట్లాలు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాసనొస్తోందని మొదటి నెలలోనే పెద్ద గొడవ పెట్టుకున్నాను. ఆమె వెళ్ళి మూడో కవరు చుట్టి పెట్టింది. అలాంటి మనిషితో ఎన్నాళ్ళని పోట్లాడతాం?

నేను 2003లో వచ్చాను. రెండో చలికాలానికి మా ఇద్దరికీ ఒకరు లేకపోతే ఒకరికి పొద్దుపోయేది కాదు. నవంబరు దాటాక ఏసీలు కట్టేసి కిటికీలు తెరిచే రోజులవి. పొద్దున్నే ఎదురు బిల్డింగు కూడా కనపడనంత పొగమంచు, సాయంత్రమైతే ఒంటికి హాయిగా చలి. నేను మిరియాల చారు పెడితే ఆమె గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ తాగేది. ఆమె బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపితే నేను బజ్జీలు వేసేదాన్ని. నా కోసం విడిగా ఒక కడాయి పెట్టుకుంది, అందులో మాంసం ఎన్నడూ వండలేదు. వేడివేడి ప్లేట్లు పట్టుకుని బాల్కనీలో చాప మీద కూర్చుంటే, నా ఒళ్ళో ఊలు ఉండ, ఆమె ఒళ్ళో గళ్ళ గుడ్డ.

ఆమెకి క్రాస్ స్టిచ్ పిచ్చి. గళ్ళ గుడ్డ మీద రంగు దారాలతో చిన్నచిన్న ఇంటూ గుర్తులు కుడుతూ పోతే చివరికి బొమ్మ తేలుతుంది. కింద చవక వస్తువుల షాపులో దారాలూ సూదీ బొమ్మా అన్నీ కలిపిన ప్యాకెట్లు అమ్మేవాళ్ళు. ఆమె కొన్నది మంచు ఊరి బొమ్మ. చెక్క ఇల్లు, కిటికీలో దీపం, వెనక దేవదారు చెట్లు, ఇంటి మీదా నేల మీదా మంచు. ఇల్లు కుట్టింది, చెట్లు కుట్టింది, దీపం కూడా వెలిగించింది. మంచు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ప్యాకెట్‌లో మంచుకని ఇచ్చిన దారాలు తెల్లవి కొన్నే, మిగతావన్నీ లేత నీలం.

"మంచు నీలమేందిమే? కంపెనీవోళ్ళు దారాలు తప్పు పెట్టినారు" అంది.

"తప్పేం కాదక్కా. కాగితంలో కూడా అలాగే ఉందిగా."

"కాగితం రాసినోడు చూసినాడో లేదో!"

మావారిని పిలిచి పంచాయితీ పెట్టాం. మంచు తెల్లగానే ఉంటుందని ఆయన తీర్పిచ్చారు. మీరెక్కడ చూశారని అడిగితే సినిమాల్లో అన్నారు. అన్నా, సినిమాలో చూసిందాన్ని నమ్మి నేను సూది ఎత్తలేను, అని అక్క గుడ్డ మడిచి పెట్టేసింది. నా అల్లిక అంతకన్నా గొప్పగా ఏం లేదు. స్వెట్టరుకి ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోతే రెండో చెయ్యి మోకాలి దాకా వచ్చింది. "మీ ఆయనకు ఏ చెయ్యి పొడుగో కొలుసుకోని రాపో" అని ఆమె రోజూ ఏడిపించేది.

నవ్వుల మధ్య ఒక మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. జనవరి నెలాఖరున ఆమె వెళ్ళిపోతోంది. మళ్ళీ రావడం లేదు. ప్రొద్దుటూరులో వాళ్ళ అక్క దగ్గరున్న కొడుకు పదో తరగతికి వస్తున్నాడు. భాయ్ ఎలాగూ వారమంతా క్యాంపులోనే. ఇక్కడ అద్దెలు చూస్తే ఏడాదికేడాది పైపైకే. ఆమె ఉండటానికి కారణమంటూ ఏమీ మిగల్లేదు. నేనున్నానుగా అందామనిపించేది, ఏ హక్కుతో అంటాను?

ఒకరోజు తనే అంది. "ఏడేండ్లు ఈ దేశంలో ఉండి ఏం చూసినావని మావోళ్ళు అడిగితే ఏం చెప్పేదిమే? గ్రోసరీ చూసినా, లిఫ్టు చూసినా అని చెప్పేదా? పోయేలోపల ఒక్కసారి మంచు చూడాల."

ఎడారిలో మంచు కావాలనే మనిషిని చూసి నవ్వాను. ఆమె నవ్వలేదు. క్రషర్ పైన ఉన్న కొండల మీద ఎప్పుడో ఒక ఏడు మంచు పడుతుందని అక్కడి ముసలివాళ్ళు చెబుతారట. పడితే చూపిస్తానని ఇక్కడికి తెచ్చిన కొత్తలో భాయ్ మాటిచ్చారట. ఆ మాట పట్టుకుని ఏడు చలికాలాలు ఎదురుచూసింది పిచ్చిది. నాకు భాయ్ మీద ఒళ్ళు మండింది. ఇవ్వడానికి చీరలు లేవా, గాజులు లేవా? చేతిలో లేనిదాన్ని మాటివ్వడం దేనికి?

అలా అనుకున్నానో లేదో, డిసెంబరు చివర్లో రెండు రోజులు ముసురు పట్టింది. ఊరు ఊరంతా వణికింది. మూడోరోజు పొద్దున్నే అక్క ఫోను మోగింది. కాసేపటికి ఆమె వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టి ఊపేసింది. "పడిందంట! కొండమీద తెల్లగా పడిందంటమే! ఆయన కిందనుంచి చూస్తాండాడు!" మర్నాడు పేపర్లో ఫోటో కూడా వచ్చింది. తెల్లటి శిఖరాలు.

వెళ్దామంటే ఎలా? ఆ కొండ పైకి అప్పట్లో రోడ్డు లేదు. రాళ్ళ దారిన గంటల తరబడి ఎక్కాలి. అక్కకి రెండంతస్తుల మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టేస్తాయి. మళ్ళీ భాయ్ ఫోను చేశారు. నువ్వు రాకపోతే ఏం, నేనే పట్టుకొస్తా అన్నారట. ఆ రెండు రోజులూ ఆమె చిన్నపిల్లలా గుమ్మం వైపు చూస్తూనే ఉంది. మడిచిపెట్టిన గుడ్డ బయటికి తీసి ఇస్త్రీ కూడా చేసింది.

శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైతే నేనే తీశాను. మావారు ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉన్నారు. ఎదురుగా భాయ్, మొహం పీక్కుపోయి, బూట్ల నిండా ఎర్రమన్ను. చేతిలో పనివాళ్ళు చల్లటి నీళ్ళు తీసుకెళ్ళే పెద్ద ప్లాస్టిక్ జగ్గు.

"యాడుందమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"తలస్నానం చేస్తోంది. తెచ్చారా?"

వంటింట్లోకి వచ్చి మూత తీశారు. నీళ్ళు. సగం జగ్గు మట్టినీళ్ళు.

బుధవారం తెల్లవారకముందే ఒక పఠాన్ తోడు రాగా కొండెక్కారట. పైకి చేరేసరికి ఎండకి చాలా వరకు కరిగిపోయి, ఒక బండ నీడన మాత్రం ఇంత మిగిలి ఉందట. చేతులతో ఎత్తి జగ్గులో కుక్కుకున్నారట. కిందికి దిగగానే వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, పొద్దుటి డ్యూటీ ఎగ్గొట్టినందుకు వరసగా రెండు రాత్రులు పని వేశాడట. "క్యాంపులో ఫ్రిజ్ చెడిపోయి ఉంది. వచ్చేదావలో చూస్తే ఖలాస్, ఇంత కూడా లేదు" అన్నారు. పెద్దమనిషి, నెరిసిన గడ్డం. మూత పెట్టి, మళ్ళీ తీసి చూశారు.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఇంకా వినిపిస్తోంది. నాకు చప్పున తోచింది. ఫ్రీజరు తలుపు తీశాను. నెలల తరబడి ఎవరూ శుభ్రం చెయ్యలేదేమో, గోడలకి నాలుగు వేళ్ళ మందాన తెల్లగా పేరుకుపోయి ఉంది.

"అబద్ధం కదమ్మా" అన్నారు భాయ్.

"ఇదీ చలికి గడ్డకట్టిన నీళ్ళే, అదీ చలికి గడ్డకట్టిన నీళ్ళే. మీరు ముందు జగ్గు ఖాళీ చెయ్యండి" అని కసిరాను.

నేనే తీసుకుని సింకులో పారబోయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పారబోయడానికి మనసు రాలేదు. ఆ నీళ్ళని ఒక స్టీలు గిన్నెలోకి వంచి, టీపొడి డబ్బాల వెనక దాచారు. నేను అట్లకాడ పెట్టి ఫ్రీజరు గోడలు గీకాను. ఆయన దోసిలి పట్టి జగ్గులో నింపారు. బఠాణీ గింజలు రెండు పడితే ఏరి పారేశాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, మేం మా శక్తికొద్దీ అతికించాం.

అక్క తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. జగ్గులోకి తొంగి చూసి అలాగే నిలబడిపోయింది. తర్వాత రెండు చేతులూ పెట్టి ఇంత తీసుకుంది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది, చెంపకి ఆనించుకుంది, వాసన కూడా చూసింది. ఎన్ని కవర్లు చుట్టినా ఖీమా ఖీమానే కదా.

"అబ్బ, ఎంత సల్లగుండాది" అంది. "చూడుమే, నీడలో పడితే నీలంగానే ఉండాది. ఆ కాగితం రాసినోడు చూసినోడే."

భాయ్ మొహంలోకి రంగు వచ్చింది. ఎలా ఎక్కారో, ఎంత చలేసిందో చెప్పడం మొదలుపెట్టారు. అదంతా నిజమే కనుక ధాటిగా చెప్పారు. అక్క చేతుల్లోది కరిగి మోచేతులమీదుగా కారిపోయేదాకా వింటూ నిలబడింది. మాటిచ్చినందుకు ఆయన్ని తిట్టుకున్న నేను ఎటు చూడాలో తెలీక తువ్వాలు తెచ్చిచ్చాను.

"కూర్చో జీ, టీ పెడతా" అని ఆమె వంటింట్లోకి నడిచింది. గిన్నె ఉన్నది టీపొడి డబ్బాల వెనకే. వెనకాలే పరిగెత్తాను. అప్పటికే టీపొడి డబ్బా జరిపి గిన్నె చూసింది. గిన్నె అడుగున ఎర్రటి ఇసుక, మీద ముళ్ళచెట్టుది ఒక ఎండుటాకు తేలుతోంది.

"ఇదేందిమే?"

"ఏం లేదక్కా... బియ్యం కడుగుదామని."

"మన్నునీళ్ళతోనా?" అని గుప్పిట తెరిచింది. అరచేతిలో తడిసిన కొత్తిమీరాకు. "కొండమీద కొత్తిమీర ఎవరు ఏసినారుమే?"

తల వంచుకున్నాను. ఆమె నవ్వుతోందనుకున్నాను. చూస్తే కళ్ళ నిండా నీళ్ళు.

"ఆయనకు చెప్పొద్దు, నాకు తెల్సిందని" అంది. ఆ నీళ్ళలో వేలు ముంచి, కళ్ళకద్దుకుంది. ఉతికిన తెల్లగుడ్డ తెచ్చి నాలుగు మడతలు పెట్టి వడకట్టింది. మళ్ళీ వడకట్టింది. పొయ్యి మీద పెట్టి బాగా తెర్లనిచ్చి, టీపొడీ అల్లం ముక్కా వేసింది. పాలు ముట్టుకోలేదు.

నాలుగు గ్లాసులు. మావారు నిద్రమొహంతోనే వచ్చి, ఏమిటి విశేషం అని కూడా అడక్కుండా తాగేశారు. భాయ్ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఏందే, టీలో ఇసుక తగుల్తాంది?"

"తాగు జీ, ఏం కాదు" అంది.

ఆ చలిలో, ఆ అలసటలో వేడి టీతో ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టుంది. గ్లాసు ఖాళీ చేసి ముందుకి చాపారు. "ఇంకొంచెం ఉందా?"

అక్క తన గ్లాసులో ఉన్నదంతా ఆయన గ్లాసులోకి వంచింది.

"ఇంక లేదు. అంత పైనుంచి వచ్చింది ఇంతే."

భాయ్ గ్లాసులోకి చూశారు. ఆమె వైపు చూశారు. తర్వాత రెండు చేతులా గ్లాసు పట్టుకుని చివరి చుక్కదాకా మెల్లగా తాగారు. ఆమె ఆయన్నే చూస్తూ కూర్చుంది. నెల తిరిగేసరికి ఈ మనిషి ఈ ఇంట్లో ఉండదని అప్పుడు నాకు నిజంగా తెలిసింది. ఆపుకుందామని చూశాను, నా వల్ల కాలేదు, వాళ్ళందరి ముందే ఏడ్చేశాను.