పైపులు ఎక్కాయి, లాగిన్ నిలవలేదు

నాగరాజప్పా, బాగుండావా? పొద్దున్నే పంపుతానన్న నీ డ్రిప్ పైపులు ఇంకా పుంగనూరులో నా అంగడి ముందే ఉన్నాయి, ఏమీ అనుకోవద్దు. బండికి ఎక్కించి, సరుకు దోవన పోవాలంటే ఉండాల్సిన ఈ-వే బిల్లు సైటులో తీద్దామని కూర్చుంటే, లాగిన్ అయిన ప్రతిసారీ బ్రౌజర్ మళ్లీ మొదటికే తెచ్చి పాస్‌వర్డ్ అడిగింది. ఓటీపీ వచ్చేది మా ఆవిడ ఫోనుకు. ఆమేమో సోమలలో సీమంతానికి పోయింది.

“ఇంగో ఓటీపీ నంబరు వచ్చిండాదేమో సూడమ్మా,” అని ఆమెకు ఫోన్ చేసి అన్నాను.

“గాజులు తొడిగేదా, నీకు నంబర్లు సెప్పేదా? అందురూ నన్నే సూస్తాండారు,” అంది.

కంప్యూటర్లు బాగుచేసే అతను ఫోన్లో చెప్పినట్టు బ్రౌజర్‌లో లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు ఆన్ చేశాను. అయినా మళ్లీ పాస్‌వర్డే అడిగింది. డ్రైవరు బండి వదిలి ఇంటికి పోయాడు.

ఈ గ్రూపులో దీని సంగతి తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి, కుప్పంలో నాగరాజప్ప టమాటా నారు నీళ్లు లేక ఎండిపోతోంది. బిల్లు వస్తే ఆ బండిలోనే నేనూ వస్తానప్పా. ఇంతకీ మనం కలిసేది ఎప్పుడు?