గీత పడని పేజీ

పాస్టరమ్మకు కుదురు తక్కువ. ఈ మాట ఆవిడ ముందూ అంటారు, వెనకా అంటారు. కూర్చున్న చోట కూర్చోదు, కూర్చున్నా చేతులు ఊరుకోవు, చేతులు ఊరుకున్నా కళ్ళు ఊరుకోవు. పెళ్ళి కార్డు చేతికిస్తే పెళ్ళి ఎవరిదో చూడకముందే ఒత్తు ఎక్కడ జారిందో చూస్తుంది. సందు చివర మందుల షాపు బోర్డులో ఒక్క అక్షరం గురించి షాపాయనతో నెలల తరబడి పోట్లాడి, ఆయన వినకపోతే తనే స్టూలెక్కి రంగు పూసి వచ్చింది. చర్చి సంఘంలో పిల్లలు ఆవిడకి ఎర్రపెన్నమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పేరు బాగానే ఉంది గానీ మధ్యలో ఒత్తులు సరిగ్గా పలకమని మాత్రం చెప్పింది.

పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. అక్కడ పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "అమ్మాయ్, అర్థం జోలికి పోకు. కథ బాగుందని మురిసిపోయావా, తప్పు నీ కళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళిపోతుంది. నువ్వు చదవాల్సింది అక్షరాన్ని." ఆవిడ ఆ మాట వేదంలా పట్టుకుంది. ఊరంతా ఏడ్చిన నవలల్ని పొడి కళ్ళతో దిద్దింది. కన్నతండ్రి పోయినప్పుడు పేపరుకి పంపే ప్రకటన కూడా తన చేతికే వచ్చింది. ముందు కామా సరిచేసి, ఆ తర్వాత ఏడ్చింది.

అయ్యగారు, అంటే ఆవిడ భర్త పాస్టరుగారు, పరిచయమైంది కూడా ఆ ప్రెస్సులోనే. కొత్తగా బోధకుడైన రోజుల్లో ఒక కరపత్రం అచ్చుకిచ్చాడు. తిరిగొచ్చిన ప్రూఫు చూసి, "ఇది నేను రాసిందేనా అండీ?" అని బిత్తరపోయాడు. "మీరు రాసినదాంట్లో మిగిలింది ఇదీ," అంది ఈవిడ. అలాంటి మనిషిని ఏరి కోరి చేసుకున్నాడంటే ఆయన ధైర్యం మెచ్చుకోవాల్సిందే. అప్పటినుంచీ ఆయన ప్రసంగం రాయడం, ఈవిడ దిద్దడం, ఆదివారం ఆయన వేదికెక్కి చదవడం. సంసారం ఆ దారినే నడిచింది.

తర్వాత కంప్యూటరు వచ్చింది. సంఘం సెక్రటరీకి ఎలక్ట్రికల్ సామాన్ల షాపుంది, కొత్త వస్తువంటే ప్రాణం. ప్రసంగాలు రాసుకునే సాఫ్ట్‌వేరు ఒకటి కొని తెచ్చి, అయ్యగారి గదిలో బిగించాడు. తెర మీద ఒక పక్క బైబిలు, ఇంకో పక్క రాసుకునే పేజీ. అధ్యాయం అంకె కొడితే వచనం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అక్షరం తప్పితే కింద ఎర్రగీత, వాక్యం తప్పితే నీలంగీత.

"ఇక మీకు శ్రమ తప్పింది అమ్మగారూ," అన్నాడు సెక్రటరీ సంబరంగా.

"శ్రమ అని మీతో ఎవరు చెప్పారు?" అంది ఆవిడ. ఆ పూట ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మొదటిరోజు ఆ సాఫ్ట్‌వేరు ప్రవక్తల పేర్లన్నిటి కిందా ఎర్రగీతలు గీసింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా, దీనికి ప్రవక్తలన్నా లెక్కలేదు!" అంటూ వచ్చినవాళ్ళందరికీ చూపించింది. కానీ ఊరుకునే రకం కాదు కదా. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్క ప్రవక్తనీ, ఒక్కొక్క రాజునీ, నదుల్నీ కొండల్నీ దానికి నేర్పింది. కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పినట్టే, గొణుగుతూనే అన్నీ అప్పజెప్పింది. ఆ తర్వాత ఎర్రగీతలు బాగా తగ్గిపోయాయి. మిగిలినవి అయ్యగారి సొంత తప్పులే.

అవి పెరగడం మొదలుపెట్టాయి.

ముందు ఒకే మాట రెండుసార్లు పడేది. తర్వాత వాక్యం మొదలై, క్రియ దాకా రాకుండానే ఆగిపోయేది. చేతికి అలవాటైన మాటలు కూడా చెదిరిపోయి పడుతుండేవి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు ఆవిడ వెళ్ళి తెర ముందు నిలబడేది. జ్వరమొచ్చిన పిల్లాడి నోట్లో థర్మామీటరు పెట్టినట్టు, ఏ రోజు ఎన్ని గీతలు పడ్డాయో చూసుకునేది. ఎక్కువుంటే ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఒక్కొక్క గీతా చెరిపి, పెద్దక్షరాల్లో అచ్చుతీసి ఇస్తే, ఆదివారం ఆయన చక్కగా చదివేసేవాడు. గొంతు గొంతులాగే ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు.

నర్సుగా చేసే చెల్లెలు ఫోనులో పోరుతూనే ఉంది. "అక్కా, బావని ఒక్కసారి డాక్టరుకి చూపించవే."

"టైపింగు తప్పులకి డాక్టరెందుకే?"

"టైపింగు తప్పులా అవి?"

"ఆ. వయసొచ్చింది, వేళ్ళు తడబడుతున్నాయి అంతే. పెట్టేయ్, పాలు పొంగుతున్నాయి."

పొయ్యి మీద పాలు లేవు. ఆవిడకి అన్నీ తెలుసు. గదిలోకి వచ్చి, ఎందుకు వచ్చానా అని ఆయన తలుపు దగ్గర నిలబడిపోవడం తెలుసు. చెప్పు ఒకటే వేసుకుని వీధిలోకి వెళ్ళబోవడం తెలుసు. కానీ వేదిక మీద మాత్రం ఆయన ఒకప్పటిలాగే నిటారుగా నిలబడతాడు. ఆ కాసేపూ ఆయన ఆయనే. వేదిక కూడా పోతే మనిషి పూర్తిగా జారిపోతాడని ఆవిడ భయం. ఆ భయంతోనే అందరికీ అబద్ధం చెప్తూ వచ్చింది.

ఇప్పుడు ఆ వేదికకే ముప్పొచ్చింది. ఆయనకి రిటైరయ్యే వయసు దాటిపోయింది. ఇంకో మూడేళ్ళు ఆయన్నే ఉంచాలా, చిన్నవాణ్ణి ఎవర్నైనా తేవాలా అన్నది ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ తేలుస్తుంది. "మాకు అయ్యగారే కావాలి, ఆరోగ్యం బాగుందని మీరొక్క మాటంటే చాలు," అన్నాడు సెక్రటరీ. "దివ్యంగా ఉన్నారు," అంది ఆవిడ కళ్ళు తిప్పుకుని.

ఆ వారమే వింత జరిగింది. గురువారం వెళ్ళి చూస్తే పేజీలో గీత లేదు. ఎర్రదీ లేదు, నీలందీ లేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. లేదు. శుక్రవారం కూడా అంతే. శనివారానికి ప్రసంగం మొత్తం పూర్తయింది, పేజీ కడిగిన పళ్ళెంలా ఉంది. తనే ఒక తప్పుమాట కొట్టి పరీక్షిద్దామని వేలు మీటల దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. మరీ గుచ్చిగుచ్చి అడిగితే వచ్చిన మేలు కాస్తా పోతుందేమోనని భయం. అక్షరం అక్షరం వెంట కళ్ళు నడిపించింది. ఒత్తులున్నాయి, దీర్ఘాలున్నాయి, వాక్యం వాక్యానికీ క్రియ ఉంది. అచ్చుతీసి, అంచులు సమంగా తట్టి, బల్ల మీద పెట్టింది. చెల్లెలికి ఫోను చేసి, "మీ బావకి తగ్గిపోయిందే," అని చెప్పింది. తగ్గడానికి ముందు ఏముందో చెప్పకుండానే ఏడ్చేసింది.

ఆదివారం మందిరం నిండుగా ఉంది. ఆవిడ ముందు బల్ల మీద కూర్చుంది, ఆ రోజు కాస్త కుదురుగానే. ప్రసంగానికి ముందు పాట నడుస్తోంది. సెక్రటరీ పక్కకి వంగి చెవిలో అన్నాడు.

"అమ్మగారూ, మంగళవారం అయ్యగారి కంప్యూటర్లో కొత్త వెర్షన్ వేశాను. చెప్పడం మర్చిపోయా. ఎలా ఉంది?"

"కొత్తదా?"

"గీతల గొడవే లేదిక. టైపు చేస్తుంటే అదే దిద్దేస్తుంది, క్రియ మరిచిపోతే తగిలిస్తుంది. మనం ఎంత తప్పు కొట్టినా సరే, పేజీ శుభ్రంగా వస్తుంది!"

ఆవిడ పాటల పుస్తకం మూసేసింది. ఆ పేజీల్లో ఏముందో గుర్తు తెచ్చుకోబోయింది. అక్షరాలన్నీ గుర్తున్నాయి. మాటల్లో ఏం చెప్పాడో ఒక్కటీ గుర్తులేదు. ప్రతి అక్షరాన్నీ చూసింది గానీ, ప్రసంగం చదవలేదు. లేచి వెళ్ళి ఆ కాగితాలు లాక్కోవాలనిపించి సగం లేచింది. మంచినీళ్ళు కావాలేమోనని సెక్రటరీ భార్య సీసా అందించింది. ఈలోగా పాట అయిపోయింది. అయ్యగారు మెట్లెక్కి నిలబడి, కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాడు.

"ప్రియులారా, మేమిద్దరం ఈ సంఘానికి కొత్తగా వచ్చాం. ఇంకా పెట్టెలు కూడా విప్పలేదు."

జనం నవ్వారు. ఏదో పిట్టకథ ఎత్తుకున్నాడనుకున్నారు. ఆవిడ సీసా మూత తిప్పుతూ కూర్చుంది, బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం.

"నాకు ముందు ఇక్కడ సేవ చేసిన పెద్ద పాస్టరుగారు మన మధ్యనే ఉన్నారు. అయ్యా, మీ చెప్పుల్లో కాళ్ళు పెట్టే అర్హత నాకు లేదు," అంటూ కిటికీ పక్క బల్ల వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. ఆ పెద్దాయన్ని స్వయంగా సమాధి చేసింది ఈయనే, ఎప్పుడో. ఇప్పుడా చోట కూర్చున్న లెక్కల టీచరు కంగారుగా వెనక్కి తిరిగి చూశాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో పసిపిల్ల ఏదో అడగబోతే తల్లి నోరు మూసింది. అయ్యగారికి అదేం పట్టలేదు. గొంతు ఖంగుమంటోంది, ఒక్క మాట తడబడలేదు. "మీ పేర్లేవీ నాకు తెలియవు. తెలియకుండా ప్రార్థన ఎలా చేయను? ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పండి." అని కాగితం మీద నుంచి తలెత్తి, ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ లేవలేదు. ఆ ముఖంలో ఆశ మెల్లగా బెదురుగా మారుతోంది. సెక్రటరీ వేదిక దగ్గరికి వెళ్ళి ఆపబోతున్నాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, తనే లేచింది. ఇంటిపేరుతో సహా తన పేరు గట్టిగా చెప్పింది.

"నువ్వు నాకు తెలుసులేవోయ్, కూర్చో," అన్నాడాయన నవ్వుతూ. "మా ఆవిడండీ. ఎక్కడికెళ్ళినా ముందు నోరు విప్పేది ఈవిడే."

ఆ మాటతో అందరికీ ఊపిరాడింది. మందుల షాపాయన లేచి పేరు చెప్పాడు. లెక్కల టీచరు చెప్పాడు. ఆయన చేతుల మీద పెళ్ళి జరిగినవాళ్ళు, ఆయన పేరు పెట్టి ఎత్తుకున్న పిల్లలు, వాళ్ళ పిల్లలు, బల్ల వెనక బల్లగా అందరూ లేచి చెప్పారు. కొందరు కళ్ళు తుడుచుకుని రెండోసారి చెప్పారు. ఆయన ప్రతి పేరునీ ఒకసారి పలికి, తలూపి, తర్వాతి వాళ్ళని చూశాడు. సెక్రటరీ చివర్న చెప్పాడు.

ఆరాధన అయ్యాక వరండాలో సెక్రటరీ ఆవిడ ఎదుట తల దించుకుని నిలబడ్డాడు. "మీకు ముందే తెలుసా అమ్మగారూ?"

"తెలుసు. మీ అందరికీ అబద్ధం చెప్పాను."

"మరి ఇప్పుడు కమిటీ..."

"కమిటీ కూర్చోనక్కర్లేదు. ఆయన దిగిపోతున్నారని రాసుకోండి. చిన్నవాణ్ణి చూసుకోండి. సంఘం ఇచ్చిన ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో నాకొక మాట చెప్పండి చాలు." ఇంత స్థిరంగా ఆవిడ మాట్లాడటం అతనెప్పుడూ చూడలేదు. కొంగు చివర మాత్రం ముడివేసి, విప్పి, ముడివేస్తోంది.

జనం సెలవు తీసుకుని వెళ్ళాక అయ్యగారు బయటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కాగితాలు ఆవిడ చేతికిచ్చాడు.

"ఏమోయ్, ఎంత మంచి మనుషులో చూశావా? పేరడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు! వచ్చేటప్పుడు నువ్వు భయపడ్డావు గానీ, ఇలాంటి చోటు మనకి మళ్ళీ దొరకదు. ఇక్కడే ఉండిపోదాం."

"ఉండిపోదామండీ," అని, చెయ్యి పట్టుకుని ఆయన్ని మెట్లు దింపింది.