చెవి అందని పిల్ల

మోత్కూరు మీదుగా పోయే బస్సులో నా పక్కన ఒక అవ్వ, ఆమె ఒడిలో మనవరాలు. పిల్లకు నాలుగేళ్లుంటాయనుకున్నాను. అవ్వ దారి పొడుగునా ఆ పిల్ల కుడిచేతిని నెత్తి మీదుగా ఎడమ చెవి వైపు గుంజుతూనే ఉంది. వేళ్లు చెవిదాకా రావడం లేదు.

"గుంజకే అవ్వా, నొస్తాంది."

"నొయ్యనీ. ఇయ్యాల గూడ అందకపోతే ఇగ బర్ల కాడికే పోతవ్."

చెవి అందితేనే బడి ఈడు వచ్చినట్టు లెక్కేసి చేర్చుకునే రోజులవి.

"ఏడేండ్లు నిండినయ్ కొడుకా," అంది అవ్వ నాతో. "కరువుల పుట్టింది. తల్లికి పాలు లేకుండె. జొన్న గటుక నీళ్లు తాపి సాదిన. రెండేండ్ల సంది పంతులు ఎల్లగొడుతాండు. ఈసారి గూడ కాకుంటే దీని బాపు ఇగ తోలడట. నువ్వేం జేస్తవు?"

నేనూ పంతులునే. చెవి అందలేదని ఎందరినో వెనక్కి పంపినవాణ్ని.

"బట్టల వ్యాపారం," అన్నాను.

పిల్ల నన్ను అనుమానంగా చూసింది. "నీకందుతదా?"

చేయి తిప్పి చెవి పట్టుకుని చూపించాను. పకపకా నవ్వింది. పై వరుసలో పాలపళ్లు ఊడిన చోట రెండు పెద్ద పళ్లు మొలిచి ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లకు అవి ఉండవు. నా బడికొచ్చిన ఏ పిల్ల నోరూ నేను అప్పటిదాకా చూడలేదు.

మోత్కూరులో వాళ్లు దిగారు. నేనూ దిగి ఆ పంతులుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. అవ్వ ముందు నా అబద్ధం బయటపడుతుందని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పిల్ల చేయి నెత్తి మీద పెట్టుకునే నడిచిపోయింది.

మరుసటి ఏడాది నుంచి ముందు పిల్లల పళ్లే చూశాను. అంతకుముందు పంపేసినవాళ్ల ఇళ్లకు మాత్రం పోలేదు.