కరుణమ్మగారి వాడకం నియమాలు

మొన్న మధ్యాహ్నం టీ తాగుదామని ఆఫీసు నుంచి కిందికి దిగాను. అప్పుడే వాన వెలిసింది. గేటు పక్కన కొబ్బరి బొండాలు అమ్మే అతను నరికి పడేసిన డొక్కల కుప్ప తడిసిపోయి ఉంది. దాని మీద ఎండ పడగానే తడి పీచు వాసన గుప్పుమంది. హైదరాబాదు జనం ముక్కు మూసుకుని పక్కనుంచి తప్పుకుపోతున్నారు. నేను మాత్రం కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అమలాపురంలో మా పాత ఆఫీసు ఒక కొబ్బరితాళ్ళ గోడౌను పైఅంతస్తులో ఉండేది. వర్షాకాలమంతా ఆ వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేది. ఆ గదిలో కిటికీ పక్క కుర్చీ కరుణమ్మగారిది. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. టీ చల్లారిపోయేదాకా ఆ కుప్ప దగ్గరే ఉన్నాను.

కరుణమ్మగారిది రాజోలు. తండ్రి బడిపంతులు; ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారట. ఆవిడ కంప్యూటర్లు చదువుకుని, మస్కట్‌లో ఒక కంపెనీ సర్వర్ల గదిలో పదిహేనేళ్ళు పనిచేసి, యాభై దాటాక తిరిగొచ్చి అమలాపురంలో వెబ్ హోస్టింగ్ కంపెనీ పెట్టారు. అదేమిటని ఎవరైనా అడిగితే, "మీ వెబ్‌సైటు ఉండటానికి చోటు అద్దెకిస్తామండి, అంతే" అనేవారు. సర్వర్లు ఎక్కడో హైదరాబాదులో ఉండేవి. వాటిని కనిపెట్టుకుని ఉండటమూ, కస్టమర్ల ఫోన్లకు జవాబు చెప్పడమూ అమలాపురంలో జరిగేది. కొబ్బరి వ్యాపారులు, బడులు, కోచింగ్ సెంటర్లు, రెండు మూడు చర్చిలు, ఒక గుడి కమిటీ, ఊళ్ళ వార్తలు రాసే సైట్లు — ఇవన్నీ మా దగ్గర ఉండేవి. నేను ఆలమూరులో ఉంటూ, డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, ఆ ఉద్యోగంలో చేరాను.

చేరిన రోజు ఆవిడ నాకు పన్నెండు పేజీల కాగితాలు ఇచ్చారు. కస్టమర్లు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పే నియమాలు. అంతా ఇంగ్లీషు, అందులోనూ వకీళ్ళ ఇంగ్లీషు. గంట తరువాత నా బల్ల దగ్గరికి వచ్చారు.

"చదివేవా సత్యా?"

"చదివేనండి."

"ఏం అర్థమైంది?"

నేను కాసేపు ఆలోచించి, నిజమే చెప్పాను. "చివర్న ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టాలని అర్థమైందండి."

ఆవిడ పగలబడి నవ్వారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. నవ్వు ఆగాక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మన కస్టమర్లందరికీ కూడా అంతే అర్థమైంది. మరి వాళ్ళు తప్పు చేస్తే, ఇదిగో ఇందులో రాసేం కదా అని ఏ మొహం పెట్టుకుని చెబుతాం? దీన్ని తెలుగులో రాద్దాం. నువ్వు రాయి, నేను దిద్దుతాను."

అలా దాదాపు రెండు నెలలు రాశాం. నేను మొదట 'ఆమోదయోగ్య వినియోగ విధానము' అని శీర్షిక పెట్టి తీసుకెళితే, ఎర్ర పెన్సిలుతో కొట్టేసి 'వాడకం నియమాలు' అని రాశారు. అడగని వాళ్ళకు గుంపుగా మెయిళ్ళు పంపకూడదన్న నియమం ఎలా రాసినా ఆవిడకు నచ్చలేదు. ఆ రోజుల్లోనే కొత్తపేటలో కోచింగ్ సెంటరు నడిపే ఒకాయన ఎక్కడెక్కడి అడ్రసులో పోగుచేసి వేలకొద్దీ ప్రకటనలు పంపాడు. దాంతో మా సర్వరు మొత్తాన్ని బయటి మెయిలు కంపెనీలు చెడ్డజాబితాలో పెట్టి, దాన్నుంచి వెళ్ళే మెయిళ్ళన్నీ ఆపేశాయి. అదే సర్వరు మీదున్న ఒక ఆసుపత్రి వాళ్ళ పరీక్షల రిపోర్టులు కూడా రోగులకు చేరడం ఆగిపోయింది. ఆయన ఆఫీసుకు వచ్చి, "నా సైటుతో నేనేం చేసుకుంటే మీకెందుకండీ?" అని గట్టిగా మాట్లాడాడు.

"మీకు చేలున్నాయాండీ?" అని అడిగారు కరుణమ్మగారు.

"ఆయ్, ఉన్నాయండి. రెండెకరాలు."

"మీకు నీళ్ళొచ్చే బోదె మీద ఎన్ని చేలున్నాయి?"

"ఏడెనిమిది ఉంటాయండి."

"పైచేను ఆయన బోదెకి అడ్డుకట్టేసి, నా చేను నా ఇష్టం అంటే ఊరుకుంటారా?"

ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ నియమం చివరికి ఎలా రాశామంటే: 'మీతోపాటు ఈ సర్వరు మీద ఇంకా చాలామంది ఉన్నారు. మీ పని వల్ల వాళ్ళ పని ఆగకూడదు.' అంతకు మించి ఒక్క మాట కూడా చేర్చనివ్వలేదు ఆవిడ.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఫిర్యాదు చెప్పడానికి ఫోను చేస్తే లేచి నిలబడి వినేవారు. అవతలివాళ్ళకు ఎలాగూ కనపడదు కదండీ అని ఒకసారి అన్నాను. "నాకు కనపడుతుంది కదే" అన్నారు. నేను ఆ మాటకు నవ్వాను. అప్పటికి నా వయసు ఇరవై మూడు. చాలా మాటలకు నవ్వేదాన్ని.

రెండో ఏడు ఒక శనివారం ఆవిడ రాజోలులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి ఒక మెయిలు వచ్చింది, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. రాసింది ఓడలరేవు అమ్మాయి, కాకినాడలో నర్సింగు చదువుతోంది. మా దగ్గరున్న ఒక వార్తల సైటులో ఆమె ఫోటో వేసి, ఎవరితోనో వెళ్ళిపోయిందని రాశారు. తాను ఎక్కడికీ వెళ్ళలేదనీ, హాస్టల్లో పరీక్షలకు చదువుకుంటున్నాననీ, ఆ ఫోటో తీసేయించమనీ రాసింది. ఎవరి ఫోటో అయినా వాళ్ళ ఇష్టం లేకుండా వారికి చెడ్డపేరు వచ్చేలా పెట్టకూడదన్న నియమం నా చేత్తో నేనే రాశాను. అయినా నాకేమనిపించిందంటే, వార్త కదా, నిజమో అబద్ధమో తేల్చడానికి మనమెవరం అని. ఆ సైటు నడిపే భాస్కరంగారు పెద్ద నోరున్న మనిషి. ఇంకో పది మందిని మాకు కస్టమర్లుగా తెచ్చిన మనిషి. సోమవారం మేడమ్ వచ్చాక చూపిద్దాం అనుకున్నాను. నాలుగున్నర బస్సు తప్పిపోతుందని కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం పదకొండింటికి ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. చేపల వేటకు వెళ్ళే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తోంది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఓడలరేవు నుంచి వచ్చేనండి. ఈ బొమ్మ మా అమ్మాయిదండి. ఇది మీ దాంట్లోనే ఉందని చెప్పేరండి" అంటూ ఫోను చూపించాడు.

కరుణమ్మగారు ఆయన్ని కూర్చోబెట్టి అంతా విన్నారు, నిలబడే. ఆదివారానికల్లా ఆ వార్త ఊరంతా తిరిగింది. హాస్టలు వార్డెను ఏమిటి కథని అడిగింది. ఆ పిల్ల తిండి మానేసి ఇంటికి వచ్చేసింది. సోమవారం పొద్దున్న ఆమెకు పరీక్ష ఉంది. వెళ్ళలేదు.

ఆవిడ భాస్కరంగారికి ఫోను చేసి, రుజువేమైనా ఉంటే తెమ్మన్నారు. ప్రెస్సండీ, మమ్మల్ని అడగటానికి మీరెవరండీ అని ఆయన అరవడం నా బల్ల దాకా వినిపించింది. "మీరు ఒప్పుకుని టిక్కు పెట్టిన నియమమేనండీ. తెలుగులోనే ఉంది, ఒకసారి చదవండి" అని చెప్పి ఫోను పెట్టేశారు. గంట ఆగి ఆ పేజీ మూసేశారు. వారం తిరక్కుండా భాస్కరంగారు తన సైటూ, తను తెచ్చిన పదిమందినీ తీసుకుని ఇంకో కంపెనీకి వెళ్ళిపోయారు.

ఆ రోజే, పేజీ మూసిన వెంటనే, "పద, ఓడలరేవు వెళ్దాం" అన్నారు. ఇద్దరం బస్సెక్కాం. శనివారమే నేను మెయిలు తెరిచానని ఆవిడ కంప్యూటర్లో చూసేశారు; ఎందుకు ఆగావని అడగలేదు. అడిగితే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని ఉంది. కరుణమ్మగారు కింద ఆమె ఎదురుగా కూర్చుని, "తప్పు మాదమ్మా. నువ్వు చెప్పిన రోజే తియ్యాల్సింది" అన్నారు. మాది అన్నారు. అందులో నేను దాక్కుని ఉండవచ్చు. ఉండలేకపోయాను.

"మెయిలు శనివారమే చూసేను. నేనే ఆగేను" అన్నాను.

ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. "చూసేరా అండీ?" అంది. కోపం లేదు గొంతులో. "అందలేదేమో అనుకున్నానండి. రెండ్రోజులూ ఫోను చూసుకుంటానే ఉన్నానండి."

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. రెండు రోజులు ఒక మనిషి ఫోను చేతిలో పట్టుకుని జవాబు కోసం చూస్తూ ఉంది. ఆ రెండు రోజుల్లో నేను పిన్నివాళ్ళింటికి వెళ్ళి పనసపొట్టు కూర తిని వచ్చాను.

తిరుగు బస్సులో కరుణమ్మగారు సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసి, టిక్కెట్టు వెనక ఏదో రాసి నాకు ఇచ్చారు. 'ఫిర్యాదు వస్తే, అందిందని వెంటనే చెప్పాలి. ఎప్పటిలోగా చూస్తామో చెప్పాలి. సెలవు రోజైనా సరే.'

"ఇన్ని నియమాలు వాళ్ళకి రాసేం. మనకొక్కటీ రాసుకోలేదు చూడు" అన్నారు. "తప్పు నీ ఒక్కదానిది కాదు. అయితే నీది కూడా."

మర్నాడు అదే మొదటి నియమమై పైకి వెళ్ళింది. కరుణమ్మగారు కాలేజీ వాళ్ళకు ఉత్తరం రాశారు; దాంతో ఏమీ కాలేదు గానీ, ఆ పిల్ల ఆ పరీక్ష తరువాతి విడతలో రాసి గట్టెక్కింది. ఆర్నెల్లు ఆలస్యమైంది. ఆ ఆర్నెల్లు మాత్రం నా లెక్కలోనే ఉన్నాయి.

ఏడాది గడిచాక భాస్కరంగారు మళ్ళీ మా మెట్లెక్కారు. మనిషి తగ్గిపోయి ఉన్నారు. కాలవ పూడిక తీయకుండానే తీసినట్టు ఒక కంట్రాక్టరు లెక్క చూపించాడని ఫోటోలతో సహా ఒక వార్త వేశారట. ఆ కంట్రాక్టరు ఒక్క ఫోను చేయగానే ఆ కొత్త కంపెనీ వాళ్ళు ఈయనకు మాటైనా చెప్పకుండా సైటు మొత్తం ఆపేశారు.

"మీ నియమాలు ఒకసారి ఇవ్వండమ్మా. ఈసారి చదువుకుంటాను" అన్నారు.

కరుణమ్మగారు ఆయన వార్త రెండుసార్లు చదివి, ఫోటోలు చూసి, చోటిచ్చారు. సాయంత్రానికి ఆ కంట్రాక్టరు ఇక్కడికీ ఫోను చేశాడు. ఆవిడ ఎప్పట్లాగే లేచి నిలబడ్డారు. "తప్పకుండా తీసేస్తామండి. ఏ నియమం తప్పేరో చెప్పండి... కాదండీ, మీకు కష్టంగా ఉందన్నది నియమం కాదండి... ఆయ్, మీ జవాబు రాసివ్వండి, పక్కనే వెయ్యమని చెబుతాను." అతను చాలాసేపు బెదిరించాడు. ఫోను పెట్టాక ఆవిడ మంచినీళ్ళు తాగి, "ఆ ఓడలరేవు పిల్లకీ ఈయనకీ ఒకటే కాగితం సత్యా. అందుకే రాసుకుంది" అన్నారు. ఆ వార్త అలాగే ఉంది. కాలవలో పూడిక మాత్రం మరుసటి వేసవిలో తీశారు.

తరువాత పెద్ద కంపెనీలు చవగ్గా చోటు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆవిడకు గుండె జబ్బు బయటపడింది. మిగిలిన కస్టమర్లను ఒక మంచి కంపెనీకి అప్పగించి ఆఫీసు మూసేశారు. నన్ను హైదరాబాదులో వేరే కంపెనీకి సిఫార్సు చేసింది కూడా ఆవిడే. ఇక్కడ నా పని ఫిర్యాదులు చదవడమే. ఆలమూరు వెళ్ళినప్పుడల్లా రాజోలు వెళ్ళి చూసిరావాలనుకునేదాన్ని, రెండుసార్లే వెళ్ళాను. రెండోసారి ఆవిడ మంచం మీద ఉన్నారు. మీ కంపెనీ నియమాలు చదవమన్నారు. ఫోనులో చూసి చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీ దగ్గర కళ్ళు మూసుకునే, "మనవి బాగుండేవి కదూ" అన్నారు. బాగుండేవండి అన్నాను. మళ్ళీ వారం వస్తానని చెప్పి బయల్దేరాను. వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉంది, ఆ పనిలో ఏముందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నెల తిరక్కుండా కబురొచ్చింది.

ఇక్కడ మా బల్లకు రోజూ చాలా ఫిర్యాదులు వస్తాయి. కొన్ని తేల్చడం తేలికే. కొన్ని ఉంటాయి, రెండు వైపులా న్యాయం ఉన్నట్టు కనిపిస్తుంది. కాగితంలో ఆ సంగతి ఉండదు. పోయిన నెల అలాంటిదొకటి వచ్చింది. ఆలోచించీ ఆలోచించీ, చేయి దానంతటదే ఫోనులో కరుణమ్మగారి నంబరు నొక్కేసింది. తీసేయలేక అలాగే ఉంచుకున్న నంబరు. గంట మోగింది. ఎవరో కుర్రాడు ఎత్తాడు.

"ఎవరండీ?"

"రాంగ్ నంబరండి. ఇది మా మేడమ్‌గారి నంబరు, ఇదివరకు."

"ఆయ్, నాకు కొత్తగా ఇచ్చేరండి. అప్పుడప్పుడు ఆవిడ కోసం చేస్తూనే ఉంటారండి, ఎవరో ఒకరు. పర్లేదండి." కాస్త ఆగి, "ఏమైనా చెప్పాలాండీ?" అన్నాడు.

ఏం లేదు బాబూ అన్నాను. ఫోను పెట్టాక చూసుకుంటే, నేను లేచి నిలబడి ఉన్నాను.