ఫారినక్క

ఆనర్స్ విద్యార్థుల గదిలో ఆమెను అందరూ ఫారినక్క అంటారు. విదేశీ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టరు చదవడానికి పోయినేడు ఎంపికైంది ఆమె ఒక్కతే. వెళ్లిన మూడు వారాలకే బెంగపడి తిరిగొచ్చేసి, మిగతా నెలలు పొరుగూరి పిన్నిగారింట్లో తలుపేసుకుని గడిపిందన్న సంగతి ఆనర్స్ విభాగం డైరెక్టరుగారికీ ఇంట్లోవాళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా అక్కడి కబుర్లు అడిగితే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తుంది. తుడిచేలోగా అబద్ధం తయారవుతుంది. మంచు గురించీ, లైబ్రరీ గురించీ అలా చాలానే చెప్పింది. డైరెక్టరుగారు అటుగా వస్తే మాత్రం మాట మధ్యలోనే మింగేసి, గోడవైపు తిరిగి పుస్తకం తెరుస్తుంది.

ఈ ఏడు అదే చోటుకు ఎంపికైన జూనియరు ఒక మధ్యాహ్నం వచ్చి ఆమె పక్కన కూలబడింది. “అక్కా, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. సీటు వదిలేస్తానని చెప్పేద్దామనుకుంటున్నా. మీకసలు భయమే వెయ్యలేదట కదా?” అంది. ఫారినక్క చెయ్యి అలవాటుగా కళ్లజోడు మీదికి పోయింది. కానీ ఆ పాలిపోయిన ముఖం చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

“వేసింది. రోజూ ఏడ్చేదాన్ని. మూడు వారాలకే పారిపోయి వచ్చేశా. మీ అందరికీ చెప్పినవన్నీ కోతలే.”

గదిలో అందరూ ఇటు తిరిగారు. ఆమె చెవులు ఎర్రగా కాలిపోయాయి; నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది. జూనియరు ఫోన్ బయటికి తీసి, “అయితే నాకు ఏడుపొస్తే మీకే ఫోన్ చేస్తానక్కా. వేరేవాళ్లకి చెబితే అర్థం కాదు,” అంది. ఆమె తలెత్తకుండానే నంబరు చెప్పింది. గొణిగినట్టు చెప్పడంతో చివరి అంకెలు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.